పేరు లేని సిరంజి

గిడ్డమ్మ మేడం వార్డులోకి వస్తోందంటే నర్సింగ్ పిల్లల చూపులు వాటంతటవే మందుల ట్రేల మీదికి పోతాయి. కడపలో ఆమె పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ట్రేలో ఉన్న ప్రతి సిరంజికీ చీటీ అంటించి ఉండాలి. దాని మీద రోగి పేరు, మందు పేరు, మోతాదు, కలిపిన వేళ, కలిపిన మనిషి సంతకం కనపడాలి. ఒక్కటి తక్కువైనా ఆ సిరంజి చెత్తడబ్బాలోకి పోతుంది. కలిపిన పిల్ల మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. మందంతా వృథా చేస్తోందని వార్డు సిస్టర్లు గొణుగుతారు. గొణగనీ అంటుంది ఆమె.

పిల్లలు ఆమెకు మొండి మేడం అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమె చెవిన పడకపోలేదు. తనకు ఇంతవరకు పెట్టిన పేర్లలో ఇదే కొంచెం మర్యాదగా ఉందని స్టాఫ్ రూంలో ఒకసారి చెప్పుకొని నవ్వింది కూడా.

ఆమెది ఆదోని దాటి కర్ణాటక వైపు పోతే వచ్చే పల్లె. నల్లరేగడి నేల. వాన కురిస్తే పత్తి, కంది. కురవని ఏడు సగం ఊరు ఇళ్ళకు తాళాలు వేసుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. గిడ్డమ్మ నాయన లక్ష్మన్న, వాళ్ళమ్మ ఇద్దరూ సుగ్గికి పోయేవాళ్ళే. పిల్ల చదువు ఎక్కడా తెగిపోకూడదని ఆమెను చిన్నప్పుడే సర్కారు హాస్టల్లో వేశారు. ఇంటర్ అయ్యాక కర్నూల్లో ఒక ప్రైవేటు కాలేజీలో నర్సింగ్‌లో సీటొచ్చింది.

చేరిన మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు ‘గిడ్డమ్మ’ అనగానే క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల లేచి నిలబడగానే ఇంకా గట్టిగా నవ్వింది. గిడ్డ అంటే పొట్టి. పేరుకు గిడ్డమ్మే గానీ ఆమె క్లాసులో అందరికంటే పొడుగు. సాయంత్రం హాస్టల్ వార్డెన్ పిలిచి, గీత అనో కీర్తి అనో పెట్టుకోమని, రోగులు పిలవడానికి కూడా బాగుంటుందని సలహా చెప్పింది.

“మా ఊర్లో గిడ్డాంజనేయస్వామికి మొక్కుకొని పెట్టినారు మేడం నాకీ పేరు. రోగులు గిడ్డమ్మా అని పిలిస్తే వాండ్ల నోరేం నొప్పి పుట్టదులే” అంది ఆ పిల్ల.

వార్డెన్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచే ఈ పిల్లకు ఎదురు మాట్లాడే గుణం ఉందని ప్రిన్సిపాల్ చెవిలో వేసి పెట్టింది.

ప్రిన్సిపాల్ నాగలక్ష్మమ్మ పాఠం బాగా చెప్పేది. మందులు ఇచ్చే పద్ధతి మొత్తం ఆవిడే చెప్పింది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (నోటికో, కండకో, నరానికో), సరైన వేళ. ఇచ్చాక షీట్‌లో రాయాలి, ఇవ్వకముందే రాసి పెట్టుకోకూడదు. సీసా చేతిలోకి తీసుకునేటప్పుడు ఒకసారి, మందు లాగేటప్పుడు ఒకసారి, సీసా పక్కన పెట్టేటప్పుడు ఒకసారి దాని మీది పేరు చదవాలి. నువ్వు కలపని మందు నువ్వు పెట్టకూడదు. పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. గిడ్డమ్మ కూడా అప్పజెప్పింది. కాకపోతే మిగతావాళ్ళు దాన్ని పరీక్షలో రాయడానికి నేర్చుకున్నారు. ఈమె ఒట్టు పెట్టుకున్నట్టు నేర్చుకుంది.

మూడో సంవత్సరంలో కాలేజీ పిల్లలందరినీ ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి డ్యూటీకి పంపేవారు. నేర్చుకోవడానికి అని పేరే గానీ, పిల్లలు లేకపోతే ఆ ఆసుపత్రి నడిచేది కాదు. బీపీ చూసేది వాళ్ళే, సెలైన్లు మార్చేది వాళ్ళే. ఆడవాళ్ళ వార్డు ఇన్‌ఛార్జి స్వర్ణలత పని వచ్చిన మనిషే. కానీ ఆరుగురు చేయాల్సిన పని ఆవిడ ఒక్కతే చేసేది. అందుకని పొద్దున్నే కూర్చొని వార్డు మొత్తానికి ఇంజెక్షన్లు కలిపేసి, మంచాల వరస ప్రకారం ట్రేలో పేర్చి పెట్టుకునేది. చీటీలు అంటించే తీరిక ఉండేది కాదు. ఏ సిరంజి ఎవరిదో ఆవిడ తలలో ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్ నుంచి స్వర్ణలతకు పిలుపు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ పోతూ పోతూ గిడ్డమ్మను పిలిచింది.

“ఏమ్మా, ఆ కొసన ఉండే సిరంజి హులిగెమ్మది. పోయి నరానికి పెట్టేసి రా.”

హులిగెమ్మ అంటే రెండు రోజుల కిందట గర్భసంచి తీసేసిన ఆడమనిషి. ఆదోని వైపుదే. గిడ్డమ్మ మాట వినగానే మా పక్క పిల్లవేనే అని దగ్గర కూర్చోబెట్టుకుంది.

గిడ్డమ్మ సిరంజి చేతిలోకి తీసుకొని చూసింది. లోపల నీళ్ళలాంటి మందు. పక్కనున్న సిరంజిలోనూ అలాంటిదే. ఆ పక్కదానిలోనూ అలాంటిదే.

“ఏం మందు మేడం ఇది?”

“రోజూ పెట్టేదే.”

“సీసా యాడుండాది?”

“పొద్దున్నే చెత్తలో పడేసినా. ఏంటికి?”

“దీని మీద పేరు లేదు మేడం. నేను కలపలేదు. నేను పెట్టలేను.”

స్వర్ణలత గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమెకు మొదట కోపం కూడా రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఇంతవరకు ఏ పిల్లా ఆ మాట అనలేదు.

“నేను కలిపినానమ్మా. నేను చెప్తాండా గదా?”

“మీరు కలిపింది మీరే పెట్టండి మేడం. ల్యాకపోతే సీసా ఇయ్యండి, కేస్ షీట్ చూసుకొని నేనే కలిపి నేనే పెడతా.”

“నాకు థియేటర్‌లో పిలుపొచ్చింది, నీకు కనపడల్యా?”

“మీరు పోయిరండి మేడం. ఆమెకు పదినిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.”

గిడ్డమ్మ సిరంజిని ట్రేలో ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది.

థియేటర్‌లో ఎదురుచూసి విసిగిపోయి ఆసుపత్రి యజమాని డాక్టర్ శ్రీకాంతే వార్డులోకి వచ్చాడు. ఏం జరిగిందో స్వర్ణలత చెప్పింది. ఆయన గిడ్డమ్మను పైనుంచి కిందికి చూశాడు.

“నీ పేరేంటి?”

“గిడ్డమ్మ సార్.”

“నేను చెప్తున్నా. వెళ్ళి పెట్టు.”

“మీరు రాసింది పెడతా సార్. దీంట్లో ఉండేది మీరు రాసిన మందేనని నాకు తెలీదు.”

“అంటే మా సిస్టర్ అబద్ధం చెప్తోందా?”

“నేనట్ల అనలేదు సార్.”

“పోనీ, ఇందులో ఏముందో నువ్వు చెప్పు.”

“నాకు తెలీదు సార్. తెలీదు గాబట్టే పెట్టనంటాండా.”

రోగుల దగ్గరికి వచ్చిన చుట్టాలు అన్నం గిన్నెలు పట్టుకొని అలాగే చూస్తున్నారు. చదువు పూర్తికాని పిల్ల తనకు తెలీదనే మాటను ఇంత ధైర్యంగా చెప్పడం ఆ డాక్టరు అంతకుముందు విని ఉండడు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ట్రేలోంచి ఆ సిరంజి తీసుకొని, తానే పెట్టేస్తానన్నట్టు విసవిసా హులిగెమ్మ మంచం దగ్గరికి నడిచాడు.

హులిగెమ్మ చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు. సిరంజిని కిటికీ వెలుతురుకు ఎత్తి గాలి బుడగలు పోగొట్టాడు. ఇంకోసారి ఎత్తి చూశాడు. తర్వాత ఆమె చేతిని మెల్లిగా పరుపు మీద పెట్టేశాడు.

“కొత్త సీసా తెప్పించండి” అన్నాడు స్వర్ణలతతో.

సిరంజి చెత్తడబ్బాలో పడింది. బయటికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, “ఈ పిల్ల రేపట్నుంచి నా ఆసుపత్రిలో కనపడకూడదు” అన్నాడు.

ఆయన పెట్టలేదు. ఆ సంగతి గిడ్డమ్మ చూసింది, స్వర్ణలత చూసింది, వార్డులో కళ్ళున్న వాళ్ళందరూ చూశారు. కొత్త సీసా వచ్చాక గిడ్డమ్మ కేస్ షీట్ చదివి, సీసా చదివి, మందు కలిపి, హులిగెమ్మ దగ్గరికి పోయి, “నీ పేరేందమ్మా?” అని అడిగింది.

“నా పేరు నీకు తెల్దా ఏందే? పొద్దున్నుంచి పిలుస్తాండావు గదా” అంది హులిగెమ్మ.

“తెలిసినా అడగల్ల. చెప్పు.”

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గదిలోకి పిలుపు వచ్చింది. నాగలక్ష్మమ్మ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ ఆసుపత్రి వద్దంటే కాలేజీ పిల్లలకు డ్యూటీలు లేవు, డ్యూటీలు లేకపోతే కాలేజీకి గుర్తింపు లేదు. ఆవిడ బల్ల మీద ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టింది.

“క్షమించమని ఒక్క ముక్క రాసియ్యి. నేను సర్దిచెప్తాను.”

“ఏం తప్పు చేసినానని రాయల్ల మేడం?”

“పెద్దవాళ్ళకు ఎదురు చెప్పినానని రాయి.”

“మీ క్లాసులో మీరే చెప్పినారు గదా మేడం, మనం కలపనిది మనం పెట్టకూడదని?”

నాగలక్ష్మమ్మ కాగితాన్ని ఆమె ముందుకు జరిపింది. “క్లాసులో చెప్పేది పరీక్షకి. ఆసుపత్రిలో ఎట్లా నడుస్తుందో నీకు తెలీదా?”

గిడ్డమ్మ పెన్ను తీసుకొని రాసింది. నిన్న మధ్యాహ్నం నేను పెద్దవాళ్ళకు ఎదురు చెప్పిన మాట నిజమే. పేరు లేని సిరంజి నా చేతికి ఇస్తే రేపు కూడా ఎదురు చెప్తాను. ఇట్లు గిడ్డమ్మ. మడత పెట్టకుండా బల్ల మీద పెట్టింది. నాగలక్ష్మమ్మ చదివి, నాలుగు ముక్కలుగా చించింది. ఆ ఏడు గిడ్డమ్మకు హాజరు చాలలేదని రాసి పరీక్షకు కూర్చోనివ్వలేదు.

కబురు అంది గుంటూరు నుంచి లక్ష్మన్న వచ్చాడు. మిరప తోటలోంచి వచ్చినవాడు వచ్చినట్టే వచ్చాడు, బట్టల నుంచి ఇంకా మిరప ఘాటు పోలేదు. ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. ఆ తర్వాత కూతుర్ని బస్టాండ్ దగ్గర హోటల్‌కు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ చెప్పాడు. తను తినలేదు.

“ఆ సూదిలో ఉండేది మంచి మందో చెడ్డ మందో నీకు తెల్సా?”

“తెలీదు నాయనా.”

“మల్ల వాండ్లది తప్పని ఎట్లంటావు?”

“తప్పని నేను యాడన్న? తెలీదని అన్న.”

“తెలీకపోతే తెలిసినోళ్ళ మాట వినల్ల గదమ్మా. శానా పెద్ద డాక్టరంట. ఒక్క మాట తప్పయిందంటే మన సొమ్మేం పోతాది?”

“ఆ యమ్మ చెయ్యి చాపింది నాయనా. ఏం మందని కూడా అడగల్యా. ఎవరు పెడతామన్నా చాలు, చెయ్యి చాపుతాది. ఆమె అట్ల నమ్మినప్పుడు నేను తెలీకుండా ఎట్ల పెడతా?”

లక్ష్మన్నకు ఆ మాట నచ్చలేదు. నచ్చకపోగా కోపం వచ్చింది. నీ మొండితనం మీ అవ్వదే అని తిట్టి, గుంటూరు బస్సెక్కి పోయాడు. గిడ్డమ్మ ఆ రాత్రికి హాస్టల్ ఖాళీ చేసి, మర్నాడు తనూ గుంటూరు బస్సే ఎక్కింది. ఆ సుగ్గి అయ్యేదాకా అమ్మానాయన పక్కనే సాళ్ళల్లో వంగి మిరపకాయలు కోసింది. వేళ్ళు మండినప్పుడల్లా డాక్టరు సిరంజిని వెలుతురుకు ఎత్తి రెండోసారి చూసిన చూపు గుర్తొచ్చేది. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా మంట కొంచెం తగ్గినట్టు అనిపించేది. లక్ష్మన్న చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు పక్క సాలులో కాయలు కోస్తున్న వాళ్ళెవరో, మీ పిల్ల డాక్టరుతో కొట్లాడి వచ్చిందంట గదా అని వెటకారం చేస్తే మాత్రం, “అవును, కొట్లాడింది. నీకేంది నొప్పి?” అన్నాడు.

సుగ్గి నుంచి తిరిగొచ్చి తక్కువైన హాజరు నింపుకుంది గనక, తర్వాతి విడతలో ఆమెను పరీక్షకు కూర్చోబెట్టక తప్పలేదు. పాసైంది. ఆత్మకూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. అక్కడ డాక్టరు ఇంట్లో ఉండి ఫోన్లో మందులు చెప్పేవాడు. గిడ్డమ్మ ఫోన్లోనే మందు పేరు అక్షరం అక్షరం తిరిగి ఆయనకే చెప్పి, ఔనా కాదా అని అడిగి, పొద్దున వచ్చాక సంతకం పెట్టేదాకా వెంటపడేది. మూడు నెలలు ఓర్చుకొని ఆయన వేరే సిస్టర్‌ను చూసుకున్నాడు. ఇంకోచోట, షుగర్ రోగికి ఇన్సులిన్ తెచ్చి, దానికి సరిపడని సిరంజి చేతికి ఇస్తే నేను పెట్టనని కూర్చుంది. మిల్లీలీటరుకు నలభై యూనిట్లుండే ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజి, వంద యూనిట్లుండే దానికి నారింజ మూతది. అటూ ఇటూ అయితే మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు, ఒక్కోసారి లేవడు. ఆ సిరంజి మార్చారు గానీ, ఆ ఉద్యోగమూ ఎక్కువ కాలం నిలవలేదు. ఉద్యోగం పోయినప్పుడల్లా ఆమె ఏడ్చేది. ఏడ్చి, ముఖం కడుక్కొని, ఇంకో ఊరు బస్సెక్కేది.

ఆ రోజుల్లోనే కర్నూలు బస్టాండ్‌లో స్వర్ణలత ఎదురుపడింది. జుట్టు నెరిసింది. ముఖం తిప్పుకొని పోతుందేమో అనుకుంది గిడ్డమ్మ. ఆవిడ ఆగింది.

“ఇప్పుడు సిరంజిలకు చీటీలు అంటిస్తాండాంలే. నీ మీద కోపంతోనే అంటిస్తాండాం అనుకో.”

“కోపంతో అంటించినా అంటుకుంటాయిలే మేడం” అంది గిడ్డమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వాక, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగింది. “ఆ పొద్దు దాంట్లో ఏముండింది మేడం?”

స్వర్ణలత బ్యాగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “ఆమెదే అయ్యుంటాది. నాకట్లనే గుర్తు. కానీ ఆ పొద్దు నాకు జ్వరం. పైకి లేవలేక లేవలేక డ్యూటీకి వచ్చినా. ఒట్టు పెట్టమంటే మాత్రం పెట్టలేను.”

ఆ సిరంజిలో ఉన్నది సరైన మందే అయి ఉండొచ్చు. గిడ్డమ్మ ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్తుంది. నేను ఆపినందుకు ఒక ప్రాణం నిలబడిందని చెప్పుకోవడానికి నా దగ్గర రుజువు ఏమీ లేదు అంటుంది. అయినా మళ్ళీ అదే పని చేస్తానంటుంది.

ఆ ఉద్యోగాల తర్వాత పైచదువు చదివి కడప కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. అక్కడ కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ఆమె మొదటి పాఠం ఒకే తీరుగా ఉంటుంది. పిల్లలు సరైన రోగి, సరైన మందు అని పాటలా అప్పజెప్తుంటే విని, బల్ల మీద ఒక సిరంజి పెడుతుంది. చీటీ ఉండదు.

“దీంట్లో సెలైన్ నీళ్ళు ఉండాయి. పొద్దున నేనే నింపినా. నా మీద నమ్మకం ఉండేవాళ్ళు వచ్చి చెయ్యి చాపండి, పెడతా.”

ఎవరూ లేవరు.

“ఏమే, నేను అబద్ధాలకోరునా?”

“కాదు మేడం.”

“మరి రండి.”

అప్పుడూ ఎవరూ లేవరు. ఆమె సిరంజిని చెత్తలో పడేసి, “మీ చెయ్యికి ఒద్దన్నది ఇంకొకరి చెయ్యికి పెట్టొద్దు” అని పాఠం మొదలుపెడుతుంది. రోగిని పేరు అడిగే తీరు కూడా ఆమె చెప్పేది వేరు. నువ్వు ఫలానా వాడివేనా అని అడగొద్దంటుంది. ముసలివాళ్ళల్లో సగం మందికి చెవులు వినపడవు, మిగతా సగం మంది తెల్లకోటును చూస్తే దేనికైనా ఊ అంటారు. నీ పేరేందని అడగండి, వాళ్ళ నోటితో చెప్పించండి అంటుంది.

మొన్న ఒక పొద్దున కాలేజీ పిల్లలు మగవాళ్ళ వార్డులో మాత్రలు ఇస్తున్నారు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన దాసన్న అనే ముసలాయన, బీపీ మాత్ర అరచేతిలో పెట్టుకొని తిప్పి తిప్పి చూసి, శివజ్యోతి అనే పిల్ల చేతిలోనే తిరిగి పెట్టేశాడు.

“ఇది నాది గాదు.”

“నీదే తాతా. బీపీ మాత్ర.”

“నాది తెల్లది. ఇది పచ్చగా ఉండాది. నేను మింగను.”

శివజ్యోతి బతిమాలింది. పక్క మంచం వాళ్ళు నవ్వారు. ఇంకా సగం వార్డు మిగిలి ఉంది, పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. మేడం కనపడగానే, “చూడండి మేడం, ఈ తాత ఊరికే సతాయిస్తాండాడు” అంది.

గిడ్డమ్మ మాత్ర చేతిలోకి తీసుకోలేదు. “మాత్రల రేకు యాడుండాది?” అంది. పిల్ల ఉరికి పోయి రేకు తెచ్చింది. ఇద్దరూ కలిసి కేస్ షీట్‌లో మందు పేరు చదివారు, రేకు మీద పేరు చదివారు, మోతాదు చదివారు. అదే మందు, అంతే మోతాదు. కంపెనీ మారింది, రంగు మారింది, అంతే.

“నీదే తాతా ఇది. ఈసారి వేరే కంపెనీది వచ్చింది, అందుకే పచ్చగా ఉండాది. ఇదిగో రేకు, ఎవరితోనైనా చదివించుకో.”

దాసన్న రేకు తీసుకొని పక్క మంచం దగ్గర కూర్చున్న పిల్లోడితో గట్టిగా చదివించుకున్నాడు. విని, తలాడించి, మాత్ర నోట్లో వేసుకొని నీళ్ళు తాగాడు. తాగి, గ్లాసు కింద పెడుతూ గిడ్డమ్మ వైపు చూశాడు.

“రేపు ఇంకో రంగుది తెస్తే మల్లా అడుగుతా. కోపం చేసుకుంటే చేసుకోండి.”

“అడుగు తాతా. చెప్పేదాకా మింగొద్దు” అంది గిడ్డమ్మ. శివజ్యోతి వైపు తిరిగి, “మింగినాడు గదా, ఇప్పుడు రాయి. రాసి పక్క మంచానికి పో, ఆయన పేరు కనుక్కో” అంది.